నాచారంలో అచ్చు పోయింది

"నేరం జరిగిన చోట మూడు వాసనలుంటాయి బావా. ఒకటి భయం వాసన. రెండోది పాపం వాసన. ఆ రెండూ ఏ పోలీసు కుక్కకైనా తెలుస్తాయి. మూడోది మాత్రం ఈ భూమండలం మీద ఒకే ఒక్క ముక్కుకు తెలుస్తుంది!"

ఆ ఒకే ఒక్క ముక్కు మీద అప్పుడు జిరాక్సు మిషన్‌లోని నల్లపొడి దట్టంగా ఉంది. ముక్కు యజమాని ధర్మేందర్ మిషన్ పక్క తలుపు తీసి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని లాగుతూ ఈ ప్రకటన చేశాడు.

నాచారం మెయిన్‌రోడ్డు మీది ఆ దుకాణానికి రెండు బోర్డులున్నాయి. పైబోర్డు మీద ఎర్ర అక్షరాలతో "డిటెక్టివ్ ధర్మేందర్. హత్యలు, అపహరణలు, అంతర్జాతీయ కుట్రలు" అని ఉంటుంది. కింది బోర్డు మీద "జిరాక్సు, లామినేషన్, పాన్ కార్డుల తప్పులు దిద్దబడును" అని ఉంటుంది. ఎనిమిదేళ్ళలో పైబోర్డు చూసి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన బోర్డు పెయింటరు అడ్రసు అడిగి వెళ్ళాడు. రెండో ఆయన కూడా అదే అడిగాడు.

"మూడో వాసన ఏందో గది గూడ చెప్పు, మళ్ళ మర్సిపోతవు" అన్నాడు బిక్షపతి.

బిక్షపతి ధర్మేందర్ భార్య త్రివేణికి అన్న. బిస్కెట్ల కంపెనీలో మిషన్ ఆపరేటరు. బాయిలరు రిపేరుకొచ్చి కంపెనీ వారం రోజులు మూసేసరికి, చెల్లెలు త్రివేణి ఫోన్ చేసి "అన్నా, జర దుకాణంల కూసో, ఈయన నోరు ఊరుకుంటలేదు, గిరాకీలు పారిపోతున్రు" అని పిలిపించుకుంది. మూడు రోజులుగా స్టూలు మీద కూర్చుని బిక్షపతి వింటున్నాడు. బాయిలరు చప్పుడే నయమనిపిస్తోంది అతనికి.

మూడో వాసన సంగతి బయటపడకముందే ఒక పెద్దావిడ దుకాణం మెట్టెక్కింది. అరవై దాటి ఉంటాయి. చీర అంచుకు ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"బిడ్డా, గీ ఆధార్ కారటు ఒకటి జిరాక్సు తీసియ్యి" అంది.

"ఎందుకవ్వా, పింఛనుకా?" అంది త్రివేణి.

"పింఛను గాదు బిడ్డా. నన్ను దొంగ అంటున్రు. నా ఆధార్ కావాల్నట మా సూపర్‌వైజర్‌కు."

మిషన్ లోపలి నుంచి ధర్మేందర్ తల ఒక్కసారిగా పైకి లేచింది. తలుపు అంచు తగిలి ఠంగుమంది. అయినా అతని కళ్ళు వెలిగిపోతున్నాయి.

"కూర్చో అవ్వా. ఏం పోయింది? మొదటి నుంచి చెప్పు. ఏ చిన్న వివరమూ దాచకు."

"అచ్చు పోయింది బిడ్డా."

"అచ్ఛా?"

"ఆఁ, అచ్చే."

"అచ్చులు పోతే ఇగ హల్లులతోనే నడిపియ్యాలె" అని గొణిగాడు బిక్షపతి.

ధర్మేందర్ అప్పటికే జేబులోంచి నోట్‌బుక్కు తీసి రాసేస్తున్నాడు. బిక్షపతి భుజం మీదుగా తొంగి చూశాడు. అచ్చు అంటే ముద్రణ. ముద్రణ అంటే నోట్లు. పోయిన అచ్చు అంటే దొంగనోట్ల ముఠా. ముఠా అనే మాట కింద రెండు గీతలు.

ఆవిడ పేరు లింగమ్మ. ఉండేది జవహర్‌నగర్‌లో. ఫ్యాక్టరీల వెనకనున్న ఖాళీ జాగాలో మురుగునీటి పైపుల కోసం కాలువ తవ్వుతుంటే కూలికి వస్తోంది. నెల కింద ఆ మట్టిలో సీసపు బిళ్ళలు బయటపడ్డాయి. పాతకాలపువట. పురావస్తు శాఖ నుంచి ఒక మేడం వచ్చి, కాలువ పనాపించి, కుంచెలతో మట్టి తుడుస్తూ కూర్చుంది. లింగమ్మనూ ఆ పనికే పెట్టుకుంది. సోమవారం పొద్దుగూకే వేళ లింగమ్మ గడ్డపారకు ఇటుకంత నల్లరాయి తగిలింది. ఒక పక్క గుండ్రటి గీత, దాంట్లో ఎద్దు చెక్కి ఉన్నాయి. మేడం ఫోన్‌లో పెద్దసారుతో మాట్లాడుతోంది. పొద్దున్నే చూపిద్దామని లింగమ్మ ఆ రాయిని మట్టికుప్ప అంచున పెట్టి బస్సుకు పరుగెత్తింది. తెల్లారి వచ్చి చూస్తే రాయి లేదు.

"రాయి సంగతి ఇనంగనే మేడం ఎగిరి గంతేసింది బిడ్డా. అది బిళ్ళలు పోసే అచ్చట. అది దొరికితే ఈ జాగ మస్తు పెద్దదైతదట. దొరకకపోతే ఇయ్యాల అయిదు గంటలకు తవ్వుడు బంద్, పైపులేసి పూడ్చుడే అని పెద్దసారు చెప్పిండట. సూపర్‌వైజరేమో, రాయి నిజంగుంటే నువ్వే అమ్ముకున్నవ్, లేకుంటే అబద్ధం చెప్పినవ్ అని మైకుల అందరికి ఇనబడేటట్టు అన్నడు. ముప్పై ఏండ్ల సంది మట్టి మోస్తున్న. నన్ను ఎవ్వరు గట్ల అనలే."

ఆమె ఏడవలేదు. కొంగుతో ఆధార్ కార్డు మీది మట్టి తుడిచి త్రివేణి చేతికిచ్చింది. త్రివేణి మొగుడి వంక చూసింది, అన్న వంక చూసింది.

"అన్నా, నువ్వు ఎంబడి పో" అంది.

*

ఆ జాగా ఉప్పల్ వైపు వెళ్ళే దారిలో రెండు గోదాముల మధ్య ఉంది. ఒక పక్క పొడుగ్గా తవ్విన కాలువ, దాని పొడుగునా మనిషి వంగి దూరేంత సిమెంటు పైపులు వరసగా నలభై. ఇంకో పక్క తాళ్ళు కట్టిన గుంటలు, ఒక నీలం టెంటు. టెంటు ముందు పురావస్తు శాఖ బిందుమాధవి చిన్న కుంచెతో ఒక రాతిముక్కను తుడుస్తోంది. ముప్పై దాటని అమ్మాయి. ఎండకు మొహం కమిలిపోయి ఉంది.

"నేను డిటెక్టివ్ ధర్మేందర్. మీ రహస్యాలు నా దగ్గర దాగవు" అని పరిచయం చేసుకున్నాడు ధర్మేందర్.

"దాచేందుకేం లేవండీ" అంది ఆమె. ఒక అట్టపెట్టె తెరిచి దూదిలోంచి రూపాయి బిళ్ళంత సీసపు బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టింది. అరిగిపోయిన బొమ్మ. కూర్చున్న నంది, వెనక లింగం, పైన దారం కట్టుకోవడానికి చిన్న చెవి.

ధర్మేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దొంగ రూపాయి. బొమ్మ గూడ సరిగ రాలే. ఎవడు తీసుకుంటడు దీన్ని?"

"ఇది డబ్బు కాదండీ. సుమారు ఏడువందల ఏళ్ళ కిందటిది."

"అందుకే చెల్లదు" అన్నాడు ధర్మేందర్.

బిందుమాధవి ఓపిగ్గా బిక్షపతి వైపు తిరిగి చెప్పింది. కొండ మీది దేవుణ్ణి చూసి వచ్చినవాళ్ళు ఇలాంటివి కొనుక్కుని మెడలో కట్టుకునేవాళ్ళు, బట్టలకు కుట్టుకునేవాళ్ళు. ఊరికెళ్ళాక అందరికీ తెలియాలి కదా, యాత్ర చేసొచ్చామని.

"మనం కీసరగుట్టకు పోయి కీచైన్ కొనుక్కొస్తం, గట్లనా?" అన్నాడు బిక్షపతి.

"సరిగ్గా అలాగే. ఇప్పటికి పదకొండు దొరికాయి. కానీ ఎవరో దారిన పోతూ పారేసుకున్నారంటే పారేసుకున్నారు. అచ్చు దొరికిందనుకోండి, అప్పుడు ఇక్కడే తయారుచేశారని అర్థం. ఇక్కడ పోతపోసేవాళ్ళు ఉండేవారు, కొనేవాళ్ళు ఉండేవారు. ఒక బజారే ఉండొచ్చు. దాని మీద సిమెంటు పోసేస్తే మళ్ళీ ఎవ్వరూ చూడలేరు." గడియారం చూసుకుంది. "ఇంకా ఏడు గంటలుంది. లింగమ్మవ్వ అబద్ధం చెప్పదు. మూడు రోజులుగా ఈ మట్టికుప్పంతా జల్లెడ పట్టాం."

సూపర్‌వైజర్ ఉపేందర్ చేతిమైకు పట్టుకుని వచ్చాడు. మనిషి రెండడుగుల దూరంలో ఉన్నా మైకులోనే మాట్లాడతాడు. "అన్నా, ఎవరు మీరు? హెల్మెట్ లేకుండ లోపటికి రావొద్దు!"

"నేనెవరన్నది ముఖ్యం కాదు. నువ్వు సోమవారం సాయంత్రం ఎక్కడున్నావన్నది ముఖ్యం."

"ఈడనే ఉన్న. డ్యూటీ."

"చూశావా బావా, ఒప్పుకున్నాడు" అన్నాడు ధర్మేందర్.

తర్వాత గంటన్నర అతను పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి "అచ్చు చూసిన్రా?" అని అడిగాడు. అందరూ లేదన్నారు. అందరూ ఒకే మాట చెబుతున్నారంటే ముందే కూడబలుక్కున్నారని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మట్టి తోడే మిషన్ డ్రైవరు నరేందర్ మాత్రం లేడు. టైరు పంచరై పొద్దుటే బండిని ఉప్పల్‌కు తీసుకుపోయాడట. "పరారీ" అని రాసుకుని, కాసేపు ఆలోచించి, పంచరుకు పోయినవాడు తిరిగొస్తాడని కొట్టేశాడు.

పదకొండున్నరకు కేసులో పెద్ద మలుపు వచ్చింది. జాగా గేటు దగ్గర శాంతాబాయి టీ, టిఫిన్ బండి ఉంది. ధర్మేందర్ దాని ముందు నిలబడి హఠాత్తుగా బిక్షపతి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బావా, కదలకు. అటు చూడకు. చూసినా చూడనట్టు చూడు. గుండ్రటి గుంటలు. ఒకే సైజు. లోహం."

"గది ఇడ్లీ ప్లేటు."

"అట్లనే అనుకోవాలని వాళ్ళ ప్లాను."

బిక్షపతి ఆపేలోగానే ధర్మేందర్ ఇడ్లీ పాత్ర మూత ఎత్తాడు. ఆవిరి ఒక్కసారిగా మొహానికి కొట్టి కళ్ళజోడు మసకబారిపోయింది. ఏమీ కనపడక, "చట్టం పేరుతో ఆజ్ఞాపిస్తున్నాను, లొంగిపో!" అని కొబ్బరిచట్నీ గిన్నెకు చెప్పాడు. శాంతాబాయి గరిటె ఎత్తింది.

"ఏందిర నీ లొల్లి! పొద్దుగాల్నుంచి సూస్తున్న, నా గిరాకీలందరిని నిలబెట్టి అచ్చు అచ్చు అనుకుంట! ఇడ్లీ కావాల్నంటే చెప్పు, లేకుంటే నడువ్!"

"రెండు ప్లేట్లు" అన్నాడు బిక్షపతి గబగబా.

*

రెండు ప్లేట్లు తిన్నాక, మధ్యాహ్నం త్రివేణి పంపిన బీరకాయ పప్పూ అన్నమూ కూడా తిన్నాక, ధర్మేందర్ గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు కేసు రెండో దశలోకి ప్రవేశించింది. నిఘా. నేరస్థుడు నేరస్థలానికి తిరిగొస్తాడు బావా, ఇది విశ్వవ్యాప్త సూత్రం. నువ్వు గేటు కాయి. నేను ఎవరికీ కనిపించని చోట ఉంటాను. నీక్కూడా చెప్పను. నిన్ను చిత్రహింస పెట్టినా నువ్వు నోరు తెరవకూడదు కదా, అందుకు."

ఒకటిన్నరకు మాయమయ్యాడు.  పోనీ, రెండు గంటలు చెవులకు విశ్రాంతి అనుకున్నాడు బిక్షపతి.

కానీ విశ్రాంతి దొరకలేదు. గేటు పక్క నీడలో లింగమ్మ కూర్చుని ఉంది. ఆమెకు పని చెప్పొద్దని ఉపేందర్ అందరికీ చెప్పాడు. అయినా ఇంటికి పోలేదు.

"అన్నం తిన్నవా అవ్వా?" అన్నాడు బిక్షపతి.

"తిన్న బిడ్డా." తినలేదని తెలుస్తూనే ఉంది. మళ్ళీ తనే అడిగింది. "మీ బావకు దొరుకుతదా?"

 దొరకదని చెప్పడానికే నోరు తెరిచాడు బిక్షపతి. దొంగనోట్ల ముఠాను వెతికేవాడికి రాయెక్కడ దొరుకుతుంది? ధర్మేందర్ మీద నిప్పులాంటి కోపం వచ్చింది. ఆడుకోవడానికి ఇంకేదన్నా దొరకలేదా ఈ మనిషికి? ఈమె నిజంగానే నమ్మి కూర్చుంది.

"పైన బోర్డు ఉంది గద, పెద్దగ" అంది లింగమ్మ. "సదువుకున్నోడే అయి ఉంటడు."

"కష్టపడుతుండవ్వా" అన్నాడు బిక్షపతి.  లేచి వెళ్ళి శాంతాబాయి దగ్గర రెండు టీలు, బన్ను తెచ్చాడు. బన్ను లింగమ్మ చేతిలో పెట్టి, తను మొహం అటు తిప్పుకుని టీ తాగాడు.

రెండయింది. మూడయింది. మూడున్నరకు పెద్ద క్రేను వచ్చి పైపుల వరస పక్కన ఆగింది. ఉపేందర్ మైకులో లెక్కలు చెబుతున్నాడు. బిందుమాధవి మాత్రం ఇంకా కుప్ప దగ్గరే, జల్లెడ ఊపుతూనే ఉంది.

నాలుగూ పదికి ధర్మేందర్ ప్రత్యక్షమయ్యాడు. చొక్కానిండా సిమెంటు దుమ్ము, జుట్టు ఒక పక్కకు లేచి నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జాగా నడిమధ్య నిలబడి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"ఎవ్వరూ కదలడానికి వీల్లేదు! హంతకుడు మన మధ్యే ఉన్నాడు!"

"ఎవరు సచ్చిన్రు?" అన్నాడు ఉపేందర్ మైకులో.

"అలవాటుకొద్దీ వచ్చింది. దొంగ మన మధ్యే ఉన్నాడు!"

పనివాళ్ళందరూ చుట్టూ చేరారు. అందరూ అతని వంకే చూస్తున్నారు. సరిగ్గా చెప్పాలంటే అతని కళ్ళలోకి కాదు, కొంచెం కిందికి, కుడివైపుకు. ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఎవరో ముసలాయన చెప్పులు విడిచాడు.

"చూశారా, ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు. సత్యానికున్న శక్తి అది" అన్నాడు ధర్మేందర్ ఛాతీ విరుచుకుని. "పొద్దున్నుంచి నన్నొక ప్రశ్న వేధిస్తోంది. రాళ్ళకు బ్రష్షు ఎందుకు? రాళ్ళకు పళ్ళున్నాయా? లేవు. మరెందుకు తోముతున్నట్టు? వేలిముద్రలు చెరపడానికి! అచ్చును మాయం చేసిన అసలు నేరస్థురాలు..." చెయ్యి చాచి తిప్పి తిప్పి ఆపాడు. "...మీరే, మేడం!"

 బిందుమాధవి జల్లెడ కింద పెట్టింది. లేచి, చేతుల మట్టి దులుపుకుని, మెల్లగా నడుచుకుంటూ ధర్మేందర్ ఎదుటికి వచ్చింది. చెయ్యెత్తింది. బిక్షపతి కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు రాలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు. ఆమె ధర్మేందర్ గడ్డం పట్టుకుని మొహాన్ని ఎండవైపు తిప్పుతోంది.

"లొంగిపోతున్నారా?" అన్నాడు ధర్మేందర్.

"మాట్లాడకండి! నంది కదులుతోంది!"

బిక్షపతి పరుగున దగ్గరికి వెళ్ళాడు. ధర్మేందర్ కుడిచెంప మీద ఎర్రగా, ఉబ్బెత్తుగా, రూపాయి బిళ్ళంత గుండ్రటి ముద్ర. దాని లోపల ముడుచుకుని కూర్చున్న నంది. నంది వెనక లింగం. పైన, బిళ్ళకు దారం కట్టే చెవి ఉండేచోట, చిన్న ఉంగరంలాంటి గీత. బిళ్ళల మీద అరిగిపోయిన అక్షరాలు మూడు చెంప మీద మాత్రం స్పష్టంగా నిలబడి ఉన్నాయి. బిందుమాధవి పెట్టెలోంచి బిళ్ళ తీసి చెంప పక్కన పట్టింది.

"అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు బిక్షపతి. అన్నాక, తనేమన్నాడో తనకే అర్థమైంది. "మేడం, అచ్చే గుద్దింది!"

"రాతి మీద గుంటగా, తిరగేసి చెక్కుతారు. మెత్తటిది ఒత్తితే సరిగ్గా వస్తుంది. సీసమైనా, చెంపైనా!" ఆమె గొంతు కీచుగా మారింది. "ఎవ్వరూ ఆయన్ను ముట్టుకోకండి! పది నిమిషాల్లో పోతుంది! టార్చి, కెమెరా, స్కేలు!"

ఆ పది నిమిషాలు ధర్మేందర్ జీవితంలో అతి కష్టమైనవి. చెంప పక్కన స్కేలు పట్టుకుని, ఎదురుగా ముప్పై మంది వింటుండగా, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆమె పక్కల నుంచి టార్చి వేసి, ఎండలో, నీడలో, మొత్తం పద్దెనిమిది ఫోటోలు తీసింది.

"ఇప్పుడు చెప్పండి. ఎక్కడ పడుకున్నారు?"

"పడుకోవడమా?" అన్నాడు ధర్మేందర్ గాయపడ్డ గొంతుతో. "డిటెక్టివ్ నిద్రపోడు. కళ్ళు మూసుకుని గమనిస్తాడు." నోట్‌బుక్కు తెరిచి చూపించాడు. ఒకటిన్నర నుంచి నాలుగు దాకా నిఘా, అనుమానాస్పద కదలికలు లేవు అని ఉంది.

"గదే, ఎక్కడ పెట్టినవు నిఘా?" అన్నాడు బిక్షపతి.

"ఒక పైపులో."

"ఏ పైపుల?"

"అది రహస్య స్థావరం."

అప్పుడే క్రేను గుర్రుమంది. ఉపేందర్ మైకెత్తాడు. "మేడం, అయిదుకు పది తక్కువుంది. పెద్దసారు ఆర్డరు ఉంది. క్రేను తిరుగుతున్నప్పుడు పైపుల దగ్గరికి ఎవ్వరు పోవద్దు! ఏ పైపో చెప్తే గా ఒక్కటి ఆపుతా. నలభై ఆపుడు నాతోని గాదు!"

ధర్మేందర్ పెదవులు బిగించాడు. బిక్షపతికి ఆ మొహం తెలుసు. ఎనిమిదేళ్ళుగా ఆ బోర్డు కింద నిలబడ్డ మొహం. నిఘాలో గుర్రు పెట్టి నిద్రపోయానని ఇంతమంది ముందు ఒప్పుకుంటే ఇక ఆ బోర్డు దేనికి? 

లింగమ్మ జనంలోంచి ముందుకొచ్చింది.

"కొడుకా" అంది. "నువ్వు పండుకున్నవో లేసున్నవో నాకెందుకు? నా తల కింద రాయుంటే నేను గూడ పండుకుందును. మూడు దినాలాయె, నాకు నిద్ర వస్తలేదు. ఎద్దు బొమ్మ నేను జూసిన. నా కండ్లతోని జూసిన. జర చెప్పు."

ధర్మేందర్ ఆమె వంక చూశాడు. నోట్‌బుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతులో డిటెక్టివ్ లేడు.

"పడుకున్ననవ్వా. పప్పు ఎక్కువ తిన్న. రెండున్నర గంటలు పడుకున్న. లోపట ఎవరో తువ్వాలు చుట్టి పెట్టిన రాయి ఉండె. తువ్వాలు చెమట వాసనొస్తుందని తీసేసిన. రాయిని ఇంకో పక్కకు తిప్పుకున్న, గా పక్క సల్లగుండె. అటు చివర నుంచి మూడో పైపు."

అందరూ అటు తిరిగారు. మూడో పైపు గొలుసులకు వేలాడుతూ నేల మీంచి మెల్లగా లేస్తోంది.

"ఆపు! ఆపు!" అని ఉపేందర్ మైకులో అరిచాడు. ఎప్పుడూ అరిచే మైకే కనక క్రేను డ్రైవరు పట్టించుకోలేదు.

ధర్మేందర్ పరుగెత్తాడు. అతను పరుగెత్తడం బిక్షపతి అంతకుముందు చూడలేదు. మోకాలి ఎత్తుకు లేచిన పైపులోకి తల ముందు పెట్టి చేపలా దూరాడు. బరువు ఒక పక్కకు పడి పైపు ఊగింది. లోపల ఏదో బరువైంది జారుతున్న చప్పుడు. పైపు చివర రెండు కాళ్ళు గాలిలో తన్నుకుంటున్నాయి. జనమంతా ఒక్కపెట్టున కేకలు పెట్టేసరికి క్రేను డ్రైవరు బయటికి తొంగి చూసి, కాళ్ళు మొలిచిన పైపును చూసి, గాబరాగా కిందికి దించాడు.

 తర్వాత లోపలి నుంచి బావిలోంచి వచ్చినట్టు గొంతు వచ్చింది. "బావా... దొరికింది... కాళ్ళు గుంజు..."

బిక్షపతీ ఉపేందరూ చెరో కాలూ పట్టుకుని లాగారు. ధర్మేందర్ రెండు చేతులా నల్లరాయిని పొట్టకు హత్తుకుని, చంటిబిడ్డను తెచ్చినట్టు బయటికి వచ్చాడు. రాతి మీద తిరగేసి చెక్కిన నంది ఉంది. దాని పక్కన ఇంకో రెండు బిళ్ళల గుంటలు, కరిగిన సీసం పోసేందుకు సన్నటి కాలువ. బిందుమాధవి నేల మీద కూలబడి, రాయిని ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఆ కాలువను తడిమింది.

అంతలో నరేందర్ వచ్చాడు. పంచరు వేయించుకుని అప్పుడే బండి దిగాడు.

"అన్నా, నా దిండు ఎందుకు తీసిన్రు?"

అందరూ అతని వైపు తిరిగారు.

"నీ దిండా?" అన్నాడు ఉపేందర్. మొదటిసారి మైకు లేకుండా.

"సోమారం రాత్రి బండి పెట్టి పోతుంటే మట్టికుప్ప మీద కనబడ్డది. సాపుగ ఉంది, సల్లగ ఉందని పైపుల పెట్టుకున్న. మద్యానం దాని మీదనే పండుకుంట. గీతలున్న దిక్కు గుచ్చుకుంటదని కిందికేసి, తువ్వాలు సుట్టిన."

"మూడు దినాల సంది అందరిని అడుగుతనే ఉన్న గదరా!"

"నన్ను అచ్చు జూసినవా అని అడిగినవ్. నేను అచ్చు జూడలే. దిండుందా అంటే ఉందని చెప్పకపోదునా?"

ధర్మేందర్ ఏదో చెప్పబోయాడు. బిక్షపతి అతని చెయ్యి నొక్కాడు. 

బిందుమాధవి ఫోన్‌లో పెద్దసారుకు ఫోటోలు పంపింది. రాయివి నాలుగు, చెంపవి పద్దెనిమిది. అవతలి నుంచి పెద్దసారు మొదట "ఎవరిదా మొహం?" అని అడిగాడట. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఫోన్ పెట్టేసి, "పైపులు అటువైపు నుంచి తిప్పుతారట. రెండు నెలలు తవ్వుకోమన్నారు" అంది. 

ఉపేందర్ లింగమ్మ దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు. "అవ్వా, మనసుల పెట్టుకోకు. రేపటి సంది పనికి రా."

"మనసుల పెట్టుకోను గని" అంది లింగమ్మ, "దొంగ అన్నప్పుడు మైకుల అన్నవు గద. దొంగ గాదని గూడ మైకుల్నే అను."

ఉపేందర్ అటూ ఇటూ చూశాడు. మైకు ఎత్తాడు. "లింగమ్మ దొంగ గాదు" అన్నాడు.

"గట్టిగ."

"లింగమ్మ దొంగ గాదు!" గోదాముల గోడలకు తగిలి ఆ మాట రెండుసార్లు తిరిగొచ్చింది. శాంతాబాయి బండి దగ్గర నుంచి గరిటెతో గిన్నె మీద టంగుటంగుమని కొట్టింది.

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో బిక్షపతికి తెలియలేదు. తర్వాత ధర్మేందర్ ఎదుటికొచ్చి, అతని చెంపకు రెండు చేతులూ జోడించింది.

"అయ్యో, నాకెందుకవ్వా దండం..." అని ధర్మేందర్ పొంగిపోయాడు.

"నీకు గాదు కొడుకా. నీ చెంప మీదున్న సామికి."

బిందుమాధవి రిజిస్టరు తెరిచి రాసింది. కనుగొన్నవారు: లింగమ్మ, జవహర్‌నగర్. పేరు పైకి చదివి వినిపించింది. ధర్మేందర్ మెడ సాచి, గొంతు సవరించుకుని, తన పేరు ఎక్కడొస్తుందని మర్యాదగా అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి పేజీ తిప్పింది. వాడిన పరికరాలు అన్న శీర్షిక కింద కుంచెలు, తాపీ, జల్లెడ, టేపు అని ఉన్నాయి. వాటి కింద "చెంప, ఒకటి" అని చేర్చింది.

*

దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ దుకాణం చేరారు.  దారిలో ధర్మేందర్ రెండుసార్లు బండి అద్దంలో చెంప చూసుకున్నాడు. నంది దాదాపు మాసిపోయింది. గుండ్రటి ఎర్రమచ్చ, ఒక కొమ్ము మిగిలాయి.

త్రివేణి లామినేషన్ మిషన్ ఆపి మొగుణ్ణి దీపం వెలుగులోకి లాగింది. మొహం పట్టుకుని చూసింది.

"ఏందిది? ఎవరు కొట్టిన్రు?"

ధర్మేందర్ సిగ్గుగా నేల వంక చూశాడు. జవాబు బిక్షపతే చెప్పాడు.

"ఏడొందల ఏండ్ల కింద సచ్చిపోయినోడెవరో."

త్రివేణి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గాయిన గూడ ఈ నోరు ఓర్సుకోలేకపాయెనా?" అంది.